పట్టా దక్కకున్నా ప్రాణదాతగా నిలిచిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

(జనవరి 12న జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

బి.ఏ. చదవలేదు. ఎం.బి.బి.ఎస్. పట్టా చేతికి రాలేదు. అయినప్పటికీ వైద్యశాస్త్ర చరిత్రలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెరగని అక్షరాలతో లిఖితమై ఉంది. గర్భిణులకు గ్రామ స్థాయిలో ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్ర, బోదకాలు నివారణకు ఇంటింటా పంపిణీ చేసే డి.ఇ.సి. మాత్ర, క్యాన్సర్ రోగులకు వాడే మెథోట్రెక్సేట్, ఈ మూడింటి వెనుక ఆయన నాయకత్వంలో సాగిన పరిశోధన ఉన్నది. ఆంధ్రదేశంలో జన్మించి, అమెరికాలో కృషి చేసి, 53 ఏళ్ల వయసులోనే కన్నుమూసిన ఈ మహనీయుని జీవితం, చదువుకు అవరోధాలు ఎదురైన ప్రతి విద్యార్థికీ స్ఫూర్తిదాయకం.

బాల్యం - విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న నేటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవారు. తండ్రి రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్య కారణంగా ఆయన ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది. సుబ్బారావుకు బాల్యంలో చదువుపై ఆసక్తి అంతంత మాత్రమే. డబ్బు సంపాదించాలన్న తలంపుతో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా, తల్లి వెంకమ్మ ఆయనను వెనుకకు రప్పించి తిరిగి బడిలో చేర్పించారని జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు.

రాజమండ్రిలో పాఠశాల విద్య ఒడిదుడుకులతో సాగింది. మెట్రిక్యులేషన్ రెండు పర్యాయాలు తప్పి, మూడవ ప్రయత్నంలో మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. అనంతరం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేశారు. ఆ రోజుల్లో ఆయన మనసు ఆధ్యాత్మిక మార్గం వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం స్వీకరించాలని సంకల్పించారు. తల్లి అందుకు సమ్మతించలేదు. వైద్యం నేర్చి రోగులకు సేవ చేయడం కూడా సాధనయేనన్న మఠం పెద్దల హితబోధ ఆయనను వైద్య విద్య వైపు నడిపించింది.

ఇంటర్మీడియట్‌తోనే వైద్య కళాశాలకు

వైద్య కళాశాలలో ప్రవేశానికి ఏ మేరకు పూర్వ విద్య ఉండాలన్న విషయంలో ఆనాడు దేశానికొక పద్ధతి ఉండేది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల 1893లో ప్రారంభమైననాడే బాచిలర్ డిగ్రీని తప్పనిసరి చేసింది. 1910లో వెలువడిన ఫ్లెక్స్‌నర్ నివేదిక అనంతరం అక్కడి ఇతర కళాశాలలు సైతం ప్రవేశ నిబంధనలను కట్టుదిట్టం చేశాయి. మద్రాసు రాజధానిలో మాత్రం ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులైన విద్యార్థి నేరుగా వైద్య విద్యలో చేరగలిగేవాడు. బి.ఏ. పూర్తి చేసేంత వరకు కుటుంబం భరించలేని స్థితిలో ఉన్న సుబ్బారావు వంటి విద్యార్థులకు ఈ వెసులుబాటు వరమైంది. ఆ విధంగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. నేటికీ తెలుగు రాష్ట్రాల విద్యార్థులు ఇంటర్మీడియట్ అనంతరమే వైద్య విద్యకు వెళుతున్నారు.

ప్రవేశం లభించినా ఖర్చులకు సొమ్ము లేదు. మిత్రుల సహాయంతోను, తదుపరి మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి అందించిన ఆర్థిక తోడ్పాటుతోను చదువు కొనసాగింది. 1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది.

ఖద్దరు ధారణ - చేజారిన పట్టా

అది జాతీయోద్యమం ఉధృతమవుతున్న కాలం. విదేశీ వస్త్ర బహిష్కరణకు గాంధీజీ ఇచ్చిన పిలుపు సుబ్బారావును కదిలించింది. శస్త్రచికిత్స తరగతులకు సైతం ఆయన ఖద్దరు అంగీతోనే హాజరు కాసాగారు. ఇది ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. రాత పరీక్షలలో ప్రతిభ కనబరచినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. దానికంటె తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతా పత్రంతోనే కళాశాలను వీడవలసి వచ్చింది.

ఆ వ్యత్యాసం కాగితానికే పరిమితం కాలేదు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో ప్రవేశానికి ఆయన చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరకు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నిర్వహిస్తున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకునిగా చేరారు. ఆయుర్వేద ఔషధాల గుణాలను ఆధునిక విజ్ఞాన పద్ధతులతో పరిశీలించాలన్న ఆసక్తి ఆయనలో అక్కడే బలపడింది.

ఇదే కాలంలో కుటుంబంలో పెను విషాదం సంభవించింది. ఉష్ణమండల ప్రాంతాలలో కనిపించే స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. రోజుల వ్యవధిలో ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్న యువ వైద్యునికి తాను నేర్చిన వైద్యంలో ఆ వ్యాధికి మందు లేదన్న సత్యం బోధపడింది. ఉన్నత పరిశోధనకు విదేశాలకు వెళ్లాలన్న నిశ్చయం మరింత దృఢమైంది.

హార్వర్డ్‌లో ప్రవేశం

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య విభాగానికి సుబ్బారావు దరఖాస్తు చేశారు. బి.ఏ. లేదు, ఎం.బి.బి.ఎస్. లేదు. ఉన్నది ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ఆ విభాగాధిపతి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయనకు ప్రవేశం కల్పించారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయానికి ముందుకు వచ్చింది. మామగారు మరికొంత సొమ్ము సమకూర్చారు. 1920వ దశకం తొలి సంవత్సరాలలో సుబ్బారావు బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తారనుకున్న భర్తను ఆమె మళ్లీ చూడలేదు. ఆయన వెళ్లిన తరువాత జన్మించిన కుమారుడు పసితనంలోనే మరణించాడు.

బోస్టన్‌లో తొలి రోజులు కష్టభరితంగా గడిచాయి. అమెరికాలో వైద్యవృత్తి చేసేందుకు ఆయనకు అనుమతి లేదు. జీవనోపాధి కోసం ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే పని సైతం చేశారు. పగలు చదువు, రాత్రి కొలువు. ఈ స్థితిలోనే ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొంది, హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు చేరారు.

శాస్త్ర పరిశోధనలు

రక్తంలోను, మూత్రంలోను భాస్వరం పరిమాణాన్ని నిర్ధారించే సులభ పద్ధతిని ఫిస్క్, సుబ్బారావులు 1925లో ప్రకటించారు. ద్రావణంలో ఏర్పడే నీలి రంగు గాఢతను బట్టి భాస్వరాన్ని లెక్కించే ఈ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి చెంది, దశాబ్దాల తరబడి జీవరసాయన శాస్త్ర విద్యార్థులకు పాఠ్యాంశమైంది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.గా పిలువబడే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వారు వెలికితీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ సైతం అదే సంవత్సరం స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నారు. జీవకణాలకు శక్తి ఎక్కడ నుండి లభిస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఈ పరిశోధనలతో రూపుదిద్దుకున్నది.

1930లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు పిహెచ్.డి. ప్రదానం చేసింది. స్వదేశంలో పూర్తి వైద్య పట్టాకు నోచుకోని వ్యక్తి ప్రపంచ ప్రఖ్యాత విద్యాసంస్థలో అత్యున్నత పట్టభద్రుడైనాడు. అయితే అక్కడ శాశ్వత ఆచార్య పదవి మాత్రం ఆయనకు దక్కలేదు. కాలేయ సారం నుండి రక్తహీనతను తగ్గించే పదార్థాలను వేరుపరచే పరిశోధనలో ఆ దశకమంతా గడిపి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ పట్టణంలో గల లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. స్వల్ప కాలంలోనే అక్కడి పరిశోధనా విభాగానికి డైరెక్టర్‌గా నియమితులయ్యారు.

ప్రజారోగ్యానికి నాలుగు కానుకలు

లెడర్లీలో సుబ్బారావు నెలకొల్పిన శాస్త్రవేత్తల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్లు ప్రకటించింది. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భధారణ కాలంలో కనిపించే రక్తహీనతపై బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ 1928 నుండి జరిపిన పరిశీలనలు ఈ విటమిన్ అన్వేషణకు బాట వేశాయి. సుబ్బారావు సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో సైతం ఈ ఔషధం గుణమిచ్చింది. గర్భస్థ శిశువు వెన్నుపాము లోపాలను ఫోలిక్ ఆమ్లం గణనీయంగా నివారిస్తుందని 1991లో బ్రిటన్‌లో పూర్తయిన అధ్యయనం నిర్ధారించింది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే పదార్థాలను సైతం ఇదే బృందం రూపొందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన బాలలకు ఇచ్చారు. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు 1948లో ఆయన ప్రకటించారు. అంతవరకు ఏ మందుకూ లొంగని వ్యాధికి ఔషధ చికిత్స సాధ్యమేనన్న ఆశ చిగురించింది. ఈ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌తో పాటు కీళ్లవాతం చికిత్సలో కూడా నేటికీ వినియోగంలో ఉంది.

మూడవది హెట్రజాన్ పేరుతో 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్. బోదకాలుకు కారణమయ్యే ఫైలేరియా క్రిములపై ఇది పనిచేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ వ్యాధి సోకడం అక్కడి పరిశోధనకు తక్షణ కారణం కాగా, దాని ఫలితం గోదావరి తీరవాసులకు సైతం అందింది. దేశవ్యాప్తంగా 2004లో ప్రారంభమైన సామూహిక ఔషధ పంపిణీ కార్యక్రమానికి ఈ డి.ఇ.సి. మాత్రే ఆధారమైంది.

నాలుగవది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ వర్గంలో తొలి ఔషధమైన దీనిని సుబ్బారావు పర్యవేక్షణలోని పరిశోధనా విభాగంలో వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్నారు. 1948లో ఇది వైద్యలోకానికి పరిచయమైంది.

ప్రచారానికి దూరంగా

ఇంతటి కృషి చేసిన శాస్త్రవేత్త తన పేరు ప్రచారంలోకి రావాలని ఆశించలేదు. ఆవిష్కరణల ప్రకటన వేళ సహచరులను ముందు నిలిపి తాను వెనుక ఉండేవారు. 1946 చట్టంతో భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే అవకాశం కలిగినా ఆ ప్రక్రియను ఆయన పూర్తి చేసుకోలేదు. భారతీయునిగానే 1948 ఆగస్టులో నిద్రలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి స్వతంత్ర భారతానికి ఏడాది కూడా నిండలేదు.

ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికి సబ్బరోమైసిస్ అని శాస్త్రవేత్తలు నామకరణం చేశారు. శత జయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ప్రత్యేక తపాలా బిళ్లను విడుదల చేసింది.

మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పిన విద్యార్థిని తల్లి పట్టుదల నిలబెట్టింది. ఇంటర్మీడియట్ చదివిన యువకునికి మద్రాసు వైద్య కళాశాల ద్వారం తెరిచింది. అక్కడ పూర్తి పట్టా నిరాకరింపబడిన వైద్యుని యోగ్యతను హార్వర్డ్ గుర్తించింది. కాకినాడ ధర్మసంస్థ దారిఖర్చుకు ఆసరా కల్పించింది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ పరిశోధనలకు సుబ్బారావు సారథ్యం లభించి ఉండేది కాదు. దరఖాస్తులను పరిశీలించే ప్రతి అధికారి, ప్రతి విద్యాసంస్థ జ్ఞాపకం ఉంచుకోదగిన జీవితమిది.