ఒంటి కన్నుతో.. పేగు కథ చదివారు!

ఇంజినీరింగ్‌లో చేరాక ఇది మన దారి కాదేమో అనిపించిందా? డెనిస్ బర్కిట్‌కీ అలాగే అనిపించింది. 1911లో ఐర్లాండ్‌లోని ఎన్నిస్కిలెన్‌లో పుట్టారు. 11 ఏళ్లప్పుడు రాయి తగిలి ఒక కన్ను పోయింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఇంజినీరింగ్ మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి మెడిసిన్‌కి మారారు. సర్జన్ అయ్యాక ఆఫ్రికాలో పనిచేస్తానని దరఖాస్తు పెడితే, ఒంటి కన్ను అని బ్రిటిష్ కలోనియల్ సర్వీస్ తిరస్కరించింది. ఊరుకోలేదు. సైన్యంలో డాక్టర్‌గా ఆఫ్రికా వెళ్లారు, మళ్లీ అప్లై చేశారు. 1946లో యుగాండా పోస్టింగ్ కొట్టారు.

అక్కడ పిల్లల దవడల్లో వచ్చే వింత కణితుల మీద 1958లో పేపర్ రాశారు. 1961లో ఇద్దరు మిత్రులతో పాత కారులో దాదాపు 16 వేల కిలోమీటర్లు తిరిగి, కేసులు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాప్ గీశారు. ఆ క్యాన్సర్‌కి ఆయన పేరే నిలిచిపోయింది.. బర్కిట్ లింఫోమా!

ఇక హాయిగా కూర్చోవచ్చు. కానీ 1966లో ఇంగ్లండ్ తిరిగొచ్చాక ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఇక్కడ మామూలైపోయిన మలబద్ధకం, పెద్దపేగు క్యాన్సర్ ఆఫ్రికా పల్లెల్లో ఎందుకంత అరుదు? తెల్లపిండి, పంచదారలే జబ్బులకు మూలమని క్లీవ్ అనే నేవీ డాక్టర్ అప్పటికే వాదిస్తున్నారు. ఆ ఐడియాను బర్కిట్ అందుకున్నారు. మలం గురించి మాట్లాడటానికి అందరూ మొహమాటపడుతుంటే, ఆయన దాన్ని తూకం వేశారు. తిన్నది బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టారు. ఆఫ్రికా పల్లె పిల్లలకు సుమారు రోజున్నర, ఇంగ్లండ్ హాస్టల్ విద్యార్థులకు మూడు రోజులు! తేడా పీచుదేనని 1972లో సహచరులతో కలిసి లాన్సెట్‌లో రాశారు.

అయితే ఆయన చూపు ఎక్కువగా మలం పరిమాణం, వేగం మీదే నిలిచింది. పేగులోని బ్యాక్టీరియా పాత్ర ఎంత పెద్దదో తర్వాత తేలింది. మనకు అరగని పీచును అవి పులియబెట్టి బ్యుటిరేట్ తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు అదే ప్రధాన ఇంధనం. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆఫ్రికన్ అమెరికన్లకు, దక్షిణాఫ్రికా పల్లెవాసులకు రెండు వారాలు ఒకరి తిండి మరొకరికి మార్చారు. పీచు పెరిగి, కొవ్వు తగ్గినవాళ్లలో బ్యుటిరేట్ పెరిగింది, క్యాన్సర్ ముప్పు సూచికలు తగ్గాయి. రెండో గుంపులో సీన్ రివర్స్. 1993లో కన్నుమూసిన బర్కిట్ ఇది చూడలేదు.

జాబ్ వేటలో నేనూ నెలల తరబడి నూడుల్స్, పఫ్‌లతో గడిపేసి పొట్ట పాడుచేసుకున్నా. ఉడికించిన శనగలు, తోటకూర, జామకాయ, జొన్నరొట్టెకు పెద్ద ఖర్చేం కాదు. ఒక్కసారిగా పెంచితే గ్యాస్ పడుతుంది, కాబట్టి మెల్లగా, నీళ్లు బాగా తాగుతూ మొదలుపెట్టండి. మలంలో రక్తం కనిపిస్తే మాత్రం సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడి ఉంటే బర్కిట్ పరిశోధనే ఉండేది కాదు!