కాలు సీటుకు కట్టేసి... కెమెరా మబ్బులకు ఎక్కుపెట్టి!

ఓ ఫొటో గురించి చెప్తాను, ఒక్కసారి ఊహించుకోండి. కింద స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరా. రాతి గుట్ట మీద కోట. దాని వెనక మసక మసకగా పాత ఊరి మేడలు, ఇంకా వెనక ఆర్థర్స్ సీట్ అనే కొండ. పైన ఇప్పుడో ఇంకాసేపట్లోనో కురిసేలా ఉన్న మబ్బులు, వాటి సందుల్లోంచి జారే ఎండ. ఆ మబ్బుల దగ్గర ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలున్న బుల్లి విమానం. 1920 ప్రాంతంలో తయారైన ఈ ఫొటో నేషనల్ గ్యాలరీస్ ఆఫ్ స్కాట్లాండ్‌లో ఉంది. అక్కడి ఫొటోల్లో జనం బాగా ఇష్టపడేవాటిలో ఇదొకటి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ విమానం ఆ క్షణంలో అక్కడ లేదు. ఊరు, మబ్బులు, విమానం... మూడూ వేర్వేరుగా సంపాదించి డార్క్‌రూమ్‌లో కలిపినవి. ఫొటోషాప్ పుట్టడానికి దాదాపు 70 ఏళ్ల ముందు!

అయితే ఫేకేనా అంటారా? తొందరపడకండి. ఆ ఫొటో చేసిన మనిషి కథ విన్నాక తీర్పు మీరే ఇవ్వండి.

బొమ్మలు తగలబెట్టి...

ఆయన పేరు ఆల్‌ఫ్రెడ్ బకమ్. 1879లో లండన్‌లో పుట్టారు. కుర్రతనంలో చిత్రకారుడు కావాలన్నది ఆయన కోరిక. ఒకరోజు నేషనల్ గ్యాలరీకి వెళ్లి టర్నర్ వేసిన చిత్రాలు చూశారు. వెలుగునీ, పొగమంచునీ, తుపానునీ రంగుల్లో పట్టుకున్న మహా చిత్రకారుడు టర్నర్. ఆ చిత్రాల ముందు తన బొమ్మలు ఎందుకూ పనికిరావనిపించి, ఇంటికెళ్లి అన్నీ కుప్పపోసి తగలబెట్టేశారట.

మనలో చాలామందికి ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. మనకంటే వందరెట్లు బాగా చేసేవాళ్లని చూస్తాం, ఇక మన వల్ల కాదనుకుంటాం. బకమ్ కుంచె వదిలేశారు కానీ ఆ మబ్బులనీ, ఆ వెలుగునీ వదల్లేదు. సాధనం మార్చి కెమెరా పట్టుకున్నారు. తర్వాత ఆయన తీసిన ఆకాశాలు చూస్తే టర్నర్ గుర్తొస్తాడు. చిన్నప్పటి ఇష్టం ఎక్కడికీ పోలేదు, దారి మార్చుకుంది అంతే.

తొమ్మిదో ప్రమాదం

మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. 1917లో బకమ్ రాయల్ నేవల్ ఎయిర్ సర్వీస్‌లో చేరారు. పైనుంచి ఫొటోలు తీసి శత్రువు ఆనుపానులు చెప్పే నిఘా విభాగంలో పని. అప్పటికి ఆయనకి 37 దాటాయి. పాతికేళ్లకే లేటైపోయిందని బెంగపడేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకోండి.

ఆనాటి విమానం అంటే చెక్క చట్రం, దానిమీద బిగించిన గుడ్డ, మధ్యలో తీగలు. పైకప్పు ఉండదు. బ్రిటిష్ విమాన సిబ్బందికి పారాచూట్ కూడా ఇచ్చేవారు కాదు. ఇంజిన్ ఆగితే దేవుడే దిక్కు. బకమ్ ఎక్కిన విమానాలు ఏకంగా తొమ్మిదిసార్లు కూలాయి. ఎనిమిదిసార్లు పెద్ద దెబ్బలు లేకుండా బయటపడ్డారు. తొమ్మిదోసారి మాత్రం గొంతు దెబ్బతింది. డాక్టర్లు మెడ దగ్గర రంధ్రం చేసి చిన్న గొట్టం అమర్చారు. ఇక బతికినన్నాళ్లూ ఆయన ఊపిరి ఆ గొట్టంలోంచే.

నూటికి నూరు శాతం వికలాంగుడని తేల్చి సైన్యం ఆయన్ని ఇంటికి పంపేసింది.

ఆ కాగితం చేతిలో పడ్డాక ఎవరైనా ఏం చేస్తారు? నేలమీద కుదిరే పని ఏదో చూసుకుంటారు. బకమ్ మళ్లీ విమానం ఎక్కారు.

అది ఎంత కష్టమో చెప్పాలంటే కొంచెం సైన్స్ కావాలి. మనం పీల్చే గాలిని వెచ్చబరచడం, తడి చేయడం, దుమ్ము ఆపడం ముక్కు పని. మెడలోని గొట్టం ఇవేవీ చేయలేదు. పైకి వెళ్లే కొద్దీ ప్రతి కిలోమీటరుకీ సుమారు 6.5 డిగ్రీలు చలి పెరుగుతుంది. పైకప్పు లేని విమానంలో ఎదురుగాలి సరేసరి. ఆ చల్లటి పొడిగాలి నేరుగా శ్వాసనాళంలోకే వెళ్తుంది. అలాంటి గాలిలో ఆయన నిలబడి మరీ ఫొటోలు తీసేవారు.

అవును, నిలబడే. కుడికాలిని మఫ్లర్‌తోనో తాడుతోనో సీటుకి కట్టేసుకుంటే చాలు, ఏ భయమూ లేకుండా పని చేసుకోవచ్చన్నది ఆయన లెక్క! మనకి పిచ్చిసాహసంలా కనిపిస్తుంది కానీ అందులో ఇంజినీరింగ్ కూడా ఉంది. కెమెరాని విమానానికి బిగిస్తే ఇంజిన్ వణుకు మొత్తం దానిలోకి వచ్చేస్తుంది. మనిషి చేతుల్లో ఉంటే మోకాళ్లు, నడుము, మోచేతులు ఆ వణుకుని చాలావరకు మింగేస్తాయి. అంటే ఆయన ఒళ్లే షాక్ అబ్జార్బర్.

మరి అతికించడం ఎందుకు?

అంత తెగించి పైకెళ్లే మనిషికి డార్క్‌రూమ్‌లో అతికించే అవసరం ఏమొచ్చింది? కారణం గాజు పలకల్లో ఉంది. అప్పట్లో ఇలాంటి పనికి వాడే నెగెటివ్‌లు ఎక్కువగా గాజు పలకలే. ఆకాశం బాగా వెలుగు, నేల బాగా నీడ. నేలకి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం తెల్లగా వెలిసిపోయి మబ్బులు మాయమవుతాయి. మబ్బులకి సరిపడా ఇస్తే ఊరు చీకటైపోతుంది. అందుకే 1850ల నుంచే ఫొటోగ్రాఫర్లు ఆకాశాన్ని ఒక నెగెటివ్ మీద, నేలని ఇంకో నెగెటివ్ మీద తీసి, ఒకే కాగితం మీద కలిపి ప్రింట్ వేసేవారు. ఒకటి ప్రింట్ చేస్తున్నప్పుడు రెండోదాని చోటు మూసి ఉంచాలి. గీత ఎక్కడ కలిసిందో కనిపించకూడదు. రెండిట్లోనూ వెలుగు ఒకవైపు నుంచే రావాలి. అది తప్పితే ఎవరికైనా ఎక్కడో తేడాగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. కెమెరాలో హెచ్‌డీఆర్ ఉంటుంది కదా? అది చేసేదీ ఇదే. ఎక్కువ, తక్కువ ఎక్స్‌పోజర్లతో కొన్ని ఫ్రేములు తీసి, కన్ను మూసి తెరిచేలోగా కలిపేస్తుంది. బకమ్ గంటలకొద్దీ చేసిన పని మీ జేబులో ఒక చిప్ చేస్తోంది. తేడా ఏంటంటే, ఆయన మబ్బులూ ఊరూ వేరువేరు రోజులవి కూడా కావచ్చు. పైగా ఆయన విమానాన్ని కూడా చేర్చారు. ఎడిన్‌బరా మీద విమానం లేకపోతే ఆ ఆకాశం ఎంత పెద్దదో మనకి తెలియదు. కొలవడానికి మన కంటికి ఆ చిన్న విమానమే స్కేలు.

నిజంగా గాల్లోనే తీయాలంటే

గాల్లో ఒక విమానాన్ని ఇంకో విమానంలోంచి తీయడాన్ని ఎయిర్-టు-ఎయిర్ ఫొటోగ్రఫీ అంటారు. ఇంగ్లండ్‌లోనే చార్లెస్ ఇ. బ్రౌన్ అనే ఆయన ఇందులో దిట్ట. ఆయన ఫొటోలు ఇప్పుడు రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఇది ఎంత కష్టమో పాతకాలపు విమానాలని గాల్లో ఫొటో తీసే ఇప్పటివాళ్లని అడిగితే చెప్తారు. పాత బైప్లేన్ నెమ్మదిగా ఎగురుతుంది. కెమెరా ఉన్న విమానం కూడా అంతే నెమ్మదిగా, స్టాల్ కాకుండా పక్కన ఎగరగలగాలి. ఎవరు ఎటు తిరగాలో, ఏదైనా తేడా వస్తే ఎవరు ఎటు తప్పుకోవాలో నేలమీదే మాట్లాడుకుని బయల్దేరాలి.

ఇంకో లెక్క చూడండి. షటర్ వేగం బాగా పెంచితే ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు పడుతుంది, విమానం గాల్లో వేలాడుతున్న బొమ్మలా ఉంటుంది. ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకి 40. రెండు ఆకుల ప్రొపెల్లర్ సగం చుట్టు తిరిగితే పూర్తి చక్రం కనిపిస్తుంది. దానికి పట్టే సమయం సెకనులో 80వ వంతు. అంతసేపు షటర్ తెరిచే ఉండాలి, ఇటు చెయ్యి మాత్రం వణక్కూడదు. రెండు విమానాలూ ఊగుతూ ఉంటే అది ఎంత కష్టమో మీరే ఊహించుకోండి.

ఒకే మనిషి, రెండు రూల్స్

సరే, తీర్పుకి వద్దాం. బకమ్ జీవితంలో రెండు రకాల ఫొటోలున్నాయి. యుద్ధంలో తీసినవి మొదటి రకం. నిఘా ఫొటోలో ఒక్క చుక్క చేర్చినా, ఒక్క గీత చెరిపినా దాన్ని నమ్మి వెళ్లిన సైనికుల ప్రాణాలు పోతాయి. అక్కడ ఉన్నది ఉన్నట్టు చూపించడమే ధర్మం. గోడకి వేలాడదీయడానికి చేసినవి రెండో రకం. పైన ఎగిరితే ఎలా ఉంటుందో నేలమీద ఉన్నవాడి గుండెకి తెలియజేయడం వాటి పని. అక్కడ ఆయన టర్నర్ శిష్యుడు. అందుకే ఇది ఒరిజినలా, ఎడిట్ చేసిందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఈ ఫొటో ఏ పని చేస్తోంది, చూసేవాళ్లు దాన్ని ఏమని నమ్ముతున్నారు అని కూడా అడగాలి. కళాఖండాన్ని వార్తాచిత్రంగా అమ్మితే మోసం. కళాఖండాన్ని కళాఖండంగానే చూపిస్తే అది ప్రతిభ.

ఏఐతో క్షణంలో ఆకాశాన్ని మార్చేయగలిగే మీకు ఇది బకమ్ కంటే ఎక్కువ అవసరం. పోర్ట్‌ఫోలియో పెట్టినా, ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో బొమ్మ వేసినా, డ్రోన్ సర్వే ఫొటో ఇచ్చినా ఏది తీసిందో, ఏది కలిపిందో కింద ఒక్క వాక్యం రాయండి. ఒరిజినల్ ఫైల్ దాచుకోండి. ఆ ఒక్క వాక్యం మీ పని విలువ తగ్గించదు, మీ మాట విలువ పెంచుతుంది.

మళ్లీ పైకే

బకమ్ కథ ఇంకొంచెం ఉంది. 1930ల మొదట్లో అమెరికా పత్రిక ఫార్చ్యూన్ ఆయన్ని మధ్య, దక్షిణ అమెరికా దేశాలకి పంపింది. 50 ఏళ్ల వయసులో, మెడలో గొట్టంతో, విమానాల్లో ఆ ఖండమంతా తిరిగారు. రియోలోని క్రీస్తు విగ్రహం, మెక్సికోలోని పొపొకాటెపెటల్ అగ్నిపర్వతం నోరు ఆయన కెమెరాకి చిక్కాయి. ఆ పర్వతం ఎత్తు 5,400 మీటర్ల పైనే. అంత ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. మామూలు ఊపిరితిత్తులకే ఆయాసం వచ్చే చోటు. బకమ్ 1956లో కన్నుమూశారు.

సైన్యం ఇచ్చిన నూరు శాతం అబద్ధం కాదు. ఆయన ఒంట్లో ఏం పోయిందో అది సరిగ్గానే లెక్కగట్టింది. ఏం మిగిలిందో కొలవడం మాత్రం దాని పని కాదు. మీ చేతిలోనూ ఏదో ఒక కాగితం ఉండొచ్చు. మార్కుల మెమో, రిజెక్ట్ చేసిన మెయిల్, మెడికల్ రిపోర్ట్, బ్యాక్‌లాగ్‌ల లిస్టు... అందులో రాసింది చదవండి, కాదనకండి. మిగిలినదాన్ని లెక్కగట్టడం మాత్రం ఎవరికీ వదిలేయకండి, ఆ పని మీదే.