బేలా లుగోసీ

బేలా లుగోసీ (అక్టోబరు 20, 1882 - ఆగస్టు 16, 1956) హంగరీ నుంచి వలస వెళ్ళి అమెరికాలో స్థిరపడిన రంగస్థల, సినిమా నటుడు. 1931లో విడుదలైన డ్రాకులా చిత్రంలో రక్తపిశాచి పాత్ర ధరించి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. చివరి సంవత్సరాలను పేదరికంలో, అనారోగ్యంతో గడిపిన ఈ నటునికి, మరణించిన మరుసటి ఏడాది నుంచి అర్ధరాత్రి వేళ టెలివిజన్‌లో పాత భయానక చిత్రాలు చూసే కొత్త తరం అభిమానులు ఏర్పడ్డారు.

బాల్యం, రంగస్థలం

ఈయన అసలు ఇంటిపేరు బ్లాస్కో. అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని లుగోష్ పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ప్రస్తుతం రొమేనియా దేశంలో ఉంది. నటుడైన తరువాత పుట్టిన ఊరి పేరునే ఇంటిపేరుగా చేసుకున్నాడు. బుడాపెస్టులోని జాతీయ నాటకశాలలో కొన్నేళ్ళు నటించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పదాతి దళంలో పనిచేసి గాయపడ్డాడు. 1919లో ఏర్పడిన విప్లవ ప్రభుత్వ కాలంలో నటుల సంఘాన్ని కూడగట్టడంలో పాల్గొన్నాడు. కొద్ది నెలలకే ఆ ప్రభుత్వం కూలిపోవడంతో వియన్నాకు, అక్కడి నుంచి జర్మనీకి వెళ్ళాడు. 1920 చివరలో ఓడ మీద అమెరికా చేరాడు. 1931లో ఆ దేశ పౌరసత్వం లభించింది.

డ్రాకులా

బ్రామ్ స్టోకర్ 1897లో వెలువరించిన నవల ఆధారంగా రూపొందిన డ్రాకులా నాటకం 1927 అక్టోబరులో న్యూయార్కు బ్రాడ్వేలో మొదలై 261 ప్రదర్శనలు జరుపుకున్నది. అందులో లుగోసీ ప్రధాన పాత్రధారి. హంగరీ యాస కలిసిన ఆయన ఆంగ్ల ఉచ్చారణ ఆ పాత్రకు బాగా నప్పింది. యూనివర్సల్ సంస్థ నిర్మించిన చిత్రంలోనూ ఆ పాత్రను ఆయనే పోషించాడు. టాడ్ బ్రౌనింగ్ దీనికి దర్శకుడు. ఈ చిత్రంలో పిశాచానికి కోరలు కనిపించవు, నేపథ్య సంగీతం కూడా దాదాపు లేదు. చూపు, నిదానమైన మాట, నిశ్శబ్దం, వీటితోనే భయం పుట్టించాడు.

కష్టకాలం

డ్రాకులా విజయం తరువాత ఆయనకు ఎక్కువగా అటువంటి పాత్రలే వచ్చాయి. వైట్ జాంబీ (1932), ది బ్లాక్ క్యాట్ (1934) ఈ కాలపు ముఖ్య చిత్రాలు. 1930ల మధ్యలో హాలీవుడ్ భయానక చిత్రాల నిర్మాణం తగ్గించడంతో ఉపాధి కరువైంది. 1938లో డ్రాకులాను, ఫ్రాంకెన్‌స్టైన్‌ను కలిపి ఒకే ప్రదర్శనగా మళ్ళీ విడుదల చేయగా జనం విరగబడి చూశారు. దానితో యూనివర్సల్ మరుసటి ఏడాది సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ నిర్మించింది, అందులో లుగోసీకి ఇగోర్ పాత్ర దక్కింది. అయినా ఆయన స్థితి ఎంతోకాలం నిలకడగా లేదు. తుంటి నరం నొప్పికి వాడిన మార్ఫిన్ క్రమేణా వ్యసనంగా మారింది. 1955లో తనంతట తానే ప్రభుత్వ వైద్యశాలలో చేరి, సుమారు మూడు నెలల చికిత్స పొంది బయటకు వచ్చాడు. 1956 ఆగస్టు 16న లాస్ ఏంజిలస్‌లో గుండెపోటుతో మరణించాడు. డ్రాకులా అంగీతోనే ఆయనను సమాధి చేశారు.

అర్ధరాత్రి ప్రేక్షకులు

అమెరికాలోని స్థానిక టెలివిజన్ కేంద్రాలకు రాత్రి పొద్దుపోయిన తరువాతి సమయాన్ని తక్కువ ఖర్చుతో నింపడం అవసరమైంది. 1957లో స్క్రీన్ జెమ్స్ సంస్థ యూనివర్సల్ వారి 52 పాత చిత్రాలను షాక్ అనే పేరుతో ఒక కట్టగా చేర్చి ఈ కేంద్రాలకు ఇచ్చింది. అందులో డ్రాకులా కూడా ఉన్నది. చాలాచోట్ల పిశాచ వేషం ధరించిన వ్యాఖ్యాత ఒకరు మధ్యమధ్య హాస్యమాడుతూ చిత్రాన్ని నడిపించేవారు. ఈ పద్ధతికి 1954లోనే లాస్ ఏంజిలస్‌లో వాంపైరా వేషంతో మైలా నుర్మి నాంది పలికింది. నిద్ర పట్టనివారు, పెద్దల కన్నుగప్పి మేలుకున్న పిల్లలు, ఇల్లంతా చీకటిగా ఉన్నవేళ ఆ చిత్రాలను చూశారు. మూకీల కాలం దాటి అప్పుడే మాట నేర్చిన డ్రాకులాలోని నిశ్శబ్దం ఆ వేళకు సరిగ్గా సరిపోయింది.

విడుదలైనప్పుడు ఆదరణ పొందకపోయినా, కొందరు అభిమానులు పదే పదే చూసి నిలబెట్టే చిత్రాలను కల్ట్ చిత్రాలంటారు. లుగోసీ మరణానికి ముందు ఎడ్ వుడ్ తీసి ఉంచిన కొద్దిపాటి దృశ్యాలతో ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్ తయారైంది. మిగిలిన దృశ్యాలలో వేరొకరు అంగీతో ముఖం కప్పుకొని ఆయనకు బదులు నటించారు. రాత్రి ప్రసారాల వల్ల ఈ చిత్రం మరుగున పడలేదు. 1980లో ఒక పుస్తకం దీనిని అత్యంత చెత్త చిత్రంగా ప్రకటించగా, చూసేవారి సంఖ్య మరింత పెరిగింది.

మరణానంతరం

డ్రాకులా రూపంతో వస్తువులు అమ్మడంపై లుగోసీ కుమారుడు, భార్య యూనివర్సల్‌పై దావా వేశారు. నటుడు జీవించి ఉండగా వాడుకోని ఆ హక్కు వారసులకు సంక్రమించదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1979లో తీర్పు చెప్పింది. తరువాత ఆ రాష్ట్రం చట్టం చేసి మరణించిన ప్రముఖుల వారసులకు ఇటువంటి హక్కు కల్పించింది. 1994లో వచ్చిన ఎడ్ వుడ్ చిత్రంలో లుగోసీగా నటించిన మార్టిన్ లాండౌకు ఉత్తమ సహాయ నటునిగా ఆస్కార్ పురస్కారం లభించింది. 2000లో డ్రాకులాను అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు.