నాగపూరు రాజభవనంలో బందరు డాక్టరు

చంద్రపూరును చాందా అని పిలిచే రోజుల్లో మన జిల్లా మహారాష్ట్రలో లేదు. నాగపూరు రాజధానిగా ఉన్న మధ్యప్రదేశ్‌లో ఉండేది. 1952 జూలైలో ఆ రాష్ట్రానికి గవర్నరుగా వచ్చినవారు తెలుగువారు, అందునా వైద్యులు. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఈ సంగతి మన సిరొంచ తెలుగువారిలో సైతం ఎందరికో కొత్తగా తోచవచ్చును.

పట్టాభిగారు 1880 నవంబరు 24న నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, పిదప ఎం.బి.సి.ఎం. పట్టా పొంది, బందరులో వైద్యం ఆరంభించారు. జాతీయోద్యమం కొరకు ఆ వృత్తిని విడిచినా, పేరు ముందరి డాక్టరు మాత్రం ఆయనను కడదాకా విడువలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. 1919లో జన్మభూమి అను ఆంగ్ల వారపత్రికను ప్రారంభించారు. 1923లో ఆయన స్థాపించిన ఆంధ్రా బ్యాంకు దాదాపు నూరేళ్లు నడచి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

అయితే ఆయన జీవితమంతా వెన్నాడిన ప్రశ్న ఒక్కటే: ఒకే భాష మాట్లాడే జనులకు ఒకే రాష్ట్రం ఉండవలదా? 1917 కలకత్తా కాంగ్రెసులో ఆంధ్రకు ప్రత్యేక శాఖ కావలెనని పట్టుబట్టి సాధించిన వారిలో ఆయన ముఖ్యులు. బ్రిటిషు వారి పటంలో లేని ఆంధ్ర రాష్ట్రం కాంగ్రెసు పటంలో అట్లు ముందే వెలసినది.

1939లో గాంధీగారి మద్దతుతో కాంగ్రెసు అధ్యక్ష పదవికి నిలిచి, సుభాష్ చంద్ర బోసు చేతిలో 203 ఓట్ల తేడాతో ఓడినారు. ఆ ఓటమి తనదేనని గాంధీగారు ప్రకటించుటచే పట్టాభిగారి పేరు దేశమంతటా మారుమ్రోగినది. గెలిచిన వేళలకంటె ఓడిన వేళనే ఎక్కువమందికి ఎరుకపడిన నాయకులు అరుదు. ఆ ఏటి మహాసభ జరిగిన త్రిపురి జబల్పూరు చెంత ఉన్నది; ఆ ప్రాంతానికే తరువాత ఆయన గవర్నరైనారు.

1948లో అధ్యక్షులై, నెహ్రూ, పటేలులతో కూడి భాషారాష్ట్రాల పరిశీలన సంఘంలో కూర్చున్నారు. మద్రాసు నగరంపై ఆశ వదులుకొన్నచో ఆంధ్ర ఏర్పడవచ్చునని 1949లో ఆ సంఘం తేల్చినది. పలువురు ఆంధ్రులు దీనిని క్షమింపలేదు. నగరం చేజారినది నిజమే. కాని 1953లో వచ్చిన ఆంధ్ర రాష్ట్రం ఆ మార్గముననే వచ్చినది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరులో ప్రాణత్యాగం చేసినప్పుడు పట్టాభిగారు నాగపూరులో గవర్నరు పదవిలో ఉండిరి.

పిమ్మట ఆయన పాలిత రాష్ట్రమే భాషల లెక్కన చీలినది. 1956 నవంబరు 1న చాందాతో సహా విదర్భ జిల్లాలు ఎనిమిది బొంబాయి రాష్ట్రంలో చేరగా, మధ్యప్రదేశ్ రాజధాని భోపాలుకు తరలినది. మరాఠీవారు మరాఠీవారితో కలసిరి. ప్రాణహిత ఈవలి తెలుగువారు మాత్రం ఉన్నచోటనే ఉండిపోయిరి. అంతేకాక, ఆవలి ఆదిలాబాదు జిల్లాకు చెందిన రాజురా సైతం అదేనాడు నాందేడుకు మారినది.

పట్టాభిగారు 1957 జూన్‌లో గవర్నరు పదవి వీడి, 1959 డిసెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు. రాజురా తాలూకా మన చాందా జిల్లాలో కలసినదీ ఆ యేడే.