ఆ సెలవు కోసం అంబేడ్కర్ పోరాడారు

మేళ్లచెరువు లాంటి ఊళ్లలో కూడలి దాటుతుంటే అంబేడ్కర్ విగ్రహం కనిపిస్తుంది. చేతిలో రాజ్యాంగం ఉంటుంది. మీరు గర్భవతిగా ఉండి, షుగరు వచ్చి, సిమెంటు ఫ్యాక్టరీలోనో బడిలోనో పనిచేస్తుంటే ఆయనతో మీకు ఇంకో సంబంధం కూడా ఉంది.

1891లో మహూలో ఆయన పద్నాలుగో సంతానంగా పుట్టారు. చిన్నతనంలోనే తల్లి భీమాబాయి పోయింది. భార్య రమాబాయికి పుట్టిన ఐదుగురిలో యశ్వంత్ ఒక్కడే బతికాడు.

ఫ్యాక్టరీ స్త్రీలకు ప్రసూతి సాయం ఇవ్వాలన్న బిల్లు 1928లో బొంబాయి శాసన మండలికి వచ్చినప్పుడు ఆయన గట్టిగా సమర్థించారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి దొరికే విశ్రాంతి దేశానికే మేలని, ఆ ఖర్చులో ప్రభుత్వానికీ బాధ్యత ఉందని వాదించారు. మరుసటి ఏడాది అది చట్టమైంది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఈఎస్ఐకి పునాది వేసిన అదార్కర్ నివేదిక ఆ కాలంలోనే వచ్చింది. దేశమంతటికీ ప్రసూతి చట్టం 1961లో వచ్చింది. 2017లో సెలవు 26 వారాలైంది.

ఆయనకూ షుగరు ఉండేది. కాళ్ల నొప్పులు వేధించేవి, ఇన్సులిన్ వాడేవారు. 1948లో డాక్టరు శారదా కబీర్‌ను పెళ్లాడారు. ఆమె సవితగా దగ్గరుండి చూసుకున్నా రాజ్యాంగ రచన పని ఆగలేదు. 1956 డిసెంబరు 6న, 65వ ఏట నిద్రలోనే కన్నుమూశారు. ఇతరుల విశ్రాంతి కోసం వాదించిన ఆయనకు తన ఒంటికి మాత్రం అది చాలినంత దక్కలేదు.

మీరు అలా చేయకండి. జీతం కోత పడుతుందని పరీక్షలు వాయిదా వేసేవాళ్లను మా ఓపీలో తరచూ చూస్తుంటాను. మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడే 75 గ్రాముల గ్లూకోజు తాగి, 2 గంటలకు రక్తపరీక్ష చేయించుకోండి. 140 లేదా అంతకు మించితే షుగరు ఉన్నట్టే. లేకపోతే 24–28 వారాల మధ్య మళ్లీ చేయించాలి. పరగడుపున 95 లోపు, తిన్న 2 గంటలకు 120 లోపు ఉంచుకోవడం లక్ష్యం.

ప్రైవేటు ఉద్యోగినికి, కాంట్రాక్టు కార్మికురాలికి కూడా, మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవు ఉంటుంది. అందులో 8 వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. గర్భం వల్ల జబ్బు చేస్తే డాక్టరు ధ్రువపత్రంతో జీతంతో కూడిన మరో నెల అదనం. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. ఈఎస్ఐ ఉన్నవారికి డబ్బు అక్కడి నుంచే వస్తుంది. ప్రభుత్వోద్యోగులకు సర్వీసు నిబంధనలు వేరు.

అందుకే జబ్బు పేరు, రోజుల సంఖ్య రాసిన పత్రం డాక్టరు దగ్గర ముందే తీసుకోండి. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇన్సులిన్ వాడుతుంటే పని ఒత్తిడిలో భోజనం మానకండి. చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే తాగేందుకు గ్లూకోజు బ్యాగులో ఉంచుకోండి. కాన్పయిన 6 వారాలకు మరోసారి పరీక్ష తప్పనిసరి.

సెలవు అడగడానికి మొహమాటపడకండి. అది ఎవరో దయతో ఇచ్చేది కాదు, మీ హక్కు.