డీజిల్ అన్నది ఒక మనిషి పేరు

మా ఊరికి వచ్చే బస్సు డీజిల్‌తో నడిచేది. కరెంటు లేని రోజుల్లో బావిలోంచి నీళ్లు తోడే ఆయిల్ ఇంజనూ డీజిల్‌దే. సెలవులకు లారీ ఎక్కి ఇంటికి పోతే అమ్మ బట్టల్లో పసిగట్టే వాసనా అదే. అయినా అది ఒక మనిషి ఇంటిపేరని డిగ్రీ దాకా మాకు తెలియదు.

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమని అడిగినప్పుడు, అంబేద్కర్ గారి మీద, పూలే గారి మీద తమ్ముళ్లు అప్పటికే రాసి ఇచ్చేశారు. మేము రుడాల్ఫ్ డీజిల్‌ను ఎంచుకోవడానికి కారణం మన హాస్టల్లోనే చదివి ఇంజనీరింగుకు వెళ్లిన ఒక అన్న. వాళ్ల కాలేజీ విద్యార్థులు కొందరు కలిసి మైలేజీ పోటీ కోసం ఒక హైబ్రిడ్ బండి తయారు చేస్తుంటే చూద్దామని వెళ్లాం. మూడు చక్రాలు, నడిపేవాడు పడుకుని నడపాలి, పెట్రోలు ట్యాంకుకు బదులు మందుసీసా అంత గాజు సీసా. బ్రేకు వేసినప్పుడు మామూలు బండిలో వేడిగా పోయే శక్తిని మోటారు ద్వారా బ్యాటరీకి పంపి, మళ్లీ బయలుదేరేటప్పుడు వాడుకుంటారు. ఇంజను తనకు అనువైన వేగంలో ఉన్నప్పుడే పని చేస్తుంది, లేకపోతే ఆగిపోతుంది. ఇంత అవస్థ ఎందుకన్నా అని అడిగాం. మనం పోసే పెట్రోలులో ఎక్కువ భాగం చక్రం దాకా రాదని, వేడిగా, పొగగా పోతుందని చెప్పాడు. నమ్మలేకపోయాం. నూట ముప్పై ఏళ్లకు పైగా వెనక ఇదే మాట తరగతి గదిలో విని నిద్ర పట్టని విద్యార్థి ఒకడున్నాడని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాం.

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం నుంచి బతుకుతెరువుకు వెళ్లినవారు. తండ్రి థియోడోర్ పుస్తకాలు బైండు చేసేవాడు, తర్వాత తోలు సామాన్లు చేసి అమ్మాడు. ఆ సరుకును తోపుడు బండి మీద ఇళ్లకు చేర్చడం పిల్లవాడి పని. తీరిక దొరికితే దగ్గర్లోని యంత్రాల మ్యూజియానికి పోయి, ఆవిరితో నడిచిన తొలి బండిని చూస్తూ నిలబడేవాడు.

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లోని జర్మన్లు ఊరు విడిచిపోవలసి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది కానీ అక్కడ గడవడం కష్టమైంది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను చదువు కోసం ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపారు. అక్కడ లెక్కల మాస్టారైన క్రిస్టోఫ్ బార్నికెల్ అతన్ని చేరదీశాడు. ట్రంకు పెట్టెతో హాస్టల్ గేటు దగ్గర దిగిన మొదటి రోజు మనకెవరికీ మరుపు రాదు కనుక, ఆ పిల్లవాడి ప్రయాణం ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పద్నాలుగో ఏట తాను ఇంజనీరు అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1873లో బడిలో మొదటివాడిగా నిలిచాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్ వాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. ఇంట్లో మాత్రం చదివింది చాలు, ఇక సంపాదనలో పడమన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. పీజీలో చేరిన ఏడాది మా నాయనా ఆ మాటే అన్నాడు. రుడాల్ఫ్ స్కాలర్‌షిప్ తీసుకుని మ్యూనిక్ వెళ్లాడు.

అక్కడ ప్రొఫెసర్ కార్ల్ లిండే గారు వేడి, పని అనే పాఠం చెప్పేవారు. మంచి ఆవిరి యంత్రంలో సైతం బొగ్గులోని వేడిలో నూటికి పది పాళ్లు కూడా పనిగా మారవని, మిగతాది వృథా అని ఆయన లెక్కగట్టి చూపించారు. తరగతిలో అందరూ ఆ అంకెను రాసుకున్నారు. రుడాల్ఫ్ 1878లో తన నోటుపుస్తకం అంచున, ఈ నష్టం లేని యంత్రం సాధ్యమవుతుందేమో పరిశీలించాలని గుర్తు పెట్టుకున్నాడు. ఆ గుర్తు వెంట దాదాపు ఇరవై ఏళ్లు నడిచాడు.

1879లో చివరి పరీక్షల సమయానికి టైఫాయిడ్ పడి రాయలేకపోయాడు. మళ్లీ పరీక్ష పెట్టే దాకా స్విట్జర్లాండులోని సుల్జర్ కర్మాగారంలో పని నేర్చుకుని, 1880 జనవరిలో రాసి ఉన్నత శ్రేణిలో పాసయ్యాడు. లిండే గారి మంచు యంత్రాల కంపెనీలోనే ఉద్యోగం దొరికింది. పెళ్లయింది, ముగ్గురు పిల్లలు పుట్టారు. రాత్రిళ్లు మాత్రం ఇంజను పనే. అమ్మోనియా ఆవిరి మీద కొన్నేళ్లు పెట్టిన శ్రమ ఫలించలేదు.

చివరికి దొరికిన దారి చెప్పడానికి సులువే. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం చేతికి వేడిగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సిలిండరులో ఉత్త గాలిని ముప్పై రెట్లకు పైగా ఒత్తిడి వచ్చేలా నొక్కి, ఆ వేడిలోకి ఇంధనాన్ని చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. నిప్పురవ్వ అవసరం లేదు. 1892లో పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడాది పుస్తకం అచ్చువేశాడు. నిజానికి ఆ పుస్తకంలోని లెక్క మొత్తం సరైంది కాదు. మొదట ఊహించిన పద్ధతిలో ఇంజను నడవదని తనే గ్రహించి సవరించుకున్నాడు. పేటెంటులో ఉన్నది ఒకటి, తయారైంది మరొకటి అని తర్వాత శత్రువులు ఎత్తిపొడవడానికి ఇదే ఆధారమైంది.

ఆగ్స్‌బర్గ్ యంత్రాల కర్మాగారం అధిపతి హైన్రిష్ బుజ్ చోటు ఇచ్చాడు, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టింది. 1893 ఆగస్టు 10న తొలి ప్రయోగం. ఇంధనం చిమ్మగానే ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలు డీజిల్ తల పక్కగా దూసుకుపోయాయి. అందరూ బెదిరిపోయారు. అతనికి మాత్రం ఇంధనం తనంతట తానే అంటుకుందన్న సంగతి ముఖ్యం. 1894 ఫిబ్రవరిలో ఇంజను సొంతంగా ఒక్క నిమిషం తిరిగింది. ఆ నిమిషం తర్వాత మరో మూడేళ్లు పట్టింది. కిరోసిన్‌తో నడిచే కొత్త ఇంజనును 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించారు. నూటికి 26.2 పాళ్ల వేడి పనిగా మారింది. ఇంజను గీతలు గీసిన ఇమానుయెల్ లౌస్టర్ పేరు, కర్మాగారంలో చేతులు మసి చేసుకున్నవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తు లేవు. ఒక్కడి పేరే నిలిచింది. అది మాకు కొంత అన్యాయంగానే తోచింది.

ఇక్కడ మా అనంతపురం వాళ్లకు ఇష్టమైన సంగతి ఒకటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో, అంటే మన శెనక్కాయ నూనెతో నడిపారు. చూసినవాళ్లకు తేడాయే తెలియలేదు. రైతు పండించిన నూనెతో రైతు ఇంజను నడవాలన్న ఆలోచన డీజిల్‌కు నచ్చింది. మన దగ్గరా ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో ఆడవాళ్ల సంఘం కానుగ నూనె తీసి, బొగ్గుపులుసు వాయువు తగ్గించినందుకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకుంది.

డీజిల్ అసలు కోరుకున్నది చిన్న ఇంజను. పెద్ద మిల్లుల ముందు నిలవలేని చేతివృత్తులవాళ్లకు, తన తండ్రిలాంటివాళ్లకు, అది ఆసరా కావాలనుకున్నాడు. జరిగింది వేరు. యంత్రం బరువు టన్నుల్లో ఉండేది. కొన్నవి పెద్ద ఫ్యాక్టరీలు, ఓడల కంపెనీలు. 1912లో సెలాండియా అనే పెద్ద ఓడ డీజిల్ ఇంజన్లతో డెన్మార్క్ నుంచి బ్యాంకాక్ ప్రయాణం కట్టింది. పనివాళ్లే యజమానులుగా ఉండే సంఘాల గురించి 1903లో అతను ఒక పుస్తకం రాస్తే కొనేవాళ్లు లేరు.

డబ్బు మాత్రం వచ్చింది. లైసెన్సులతో కోటీశ్వరుడై మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టాడు. పేటెంటు దావాలు, తలనొప్పులు, ఆసుపత్రి వాసం ఒక పక్క. భూముల మీద, నూనె బావుల మీద పెట్టిన డబ్బు మునగడం మరో పక్క. ఇంధనంలో ప్రతి పాలూ లెక్కపెట్టిన మనిషి తన రూకల లెక్క సరిగా చూసుకోలేదు. అప్పులున్నాయన్న మాట ఇంట్లోనూ చెప్పుకోలేదు. అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టింది ఇదే.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం లండన్‌లో కంపెనీ సమావేశానికని బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. తోటివారితో భోంచేశాడు. ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పి రాత్రి పదింటికి గదికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే పక్క నలగలేదు. టోపీ, కోటు ఓడ వెనక భాగాన కమ్మీల దగ్గర మడిచి ఉన్నాయి. పది రోజులకు ఒక డచ్చి పడవవాళ్లకు సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు మాత్రం తీసుకుని శవాన్ని తిరిగి నీళ్లలో వదిలేశారు. మాత్రల డబ్బా, చాకు, కళ్లజోడు పెట్టె చూసి అవి నాన్నవేనని చిన్న కొడుకు ఓయిగన్ గుర్తుపట్టాడు. వెళ్లేముందు భార్య మార్తాకు ఒక సంచి ఇచ్చి వారం దాకా తెరవవద్దన్నాడని, అందులో నగదుతో పాటు ఖాతాలన్నీ ఖాళీ అని చూపే కాగితాలున్నాయని జీవితచరిత్రకారులు రాశారు. ఎవరో చంపారన్న కథలూ పుట్టాయి. మేము చదివినంతలో అప్పుల మాటే నమ్మదగ్గదిగా ఉంది. వయసు 55.

అతను చనిపోయిన ఇరవై మూడేళ్లకు, 1936లో, మెర్సిడెస్ బెంజ్ కంపెనీ డీజిల్ కారును అమ్మకానికి పెట్టింది. ఆ పొగ ఊపిరితిత్తులకు ఎంత చేటో తర్వాతి తరాలకు తెలిసింది. అన్న వాళ్లు బ్యాటరీతో, మోటారుతో కుస్తీ పడుతున్నదీ అందుకే.

1897 నాటి ఆ ఇంజను మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియంలో ఉంది. మూడు మీటర్ల ఎత్తు. అన్న వాళ్ల బండి ఇంజను మాత్రం మన బియ్యం సంచిలో పట్టేస్తుంది. పోటీకి వెళ్లేటప్పుడు దాన్ని అలాగే మూటగట్టి రైల్లో తీసుకుపోతారట.