మూడు లెక్కలకు అందనిది: యల్లాప్రగడ సుబ్బారావు

మన హాస్టల్లో జిమ్‌కి వెళ్లేవాళ్ల గదుల్లో కిటికీ పక్కన ఓ క్రియేటిన్ డబ్బా ఉండటం మామూలే. అది వాడేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. క్రియేటిన్ మన కండలో ఏ రూపంలో ఉండి బలమిస్తుందో 1927లో కనిపెట్టినవాళ్లలో ఒకరు భీమవరం మనిషి. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఈ సంచికకి ఆయన జీవితం రాస్తానని ఒప్పుకున్నప్పుడు నేను కటింగ్‌లో ఉన్నాను. అంటే కండ పోకుండా కొవ్వు మాత్రమే తగ్గించుకునే పనిలో. బరువు 70 కేజీలు, రోజుకు 2000 కేలరీలు. అందులో ప్రొటీన్ 120 గ్రాములు, కొవ్వు 55 గ్రాములు, మిగిలినదంతా కార్బ్స్. గ్రాము ప్రొటీన్‌కి 4, గ్రాము కార్బ్స్‌కి 4, గ్రాము కొవ్వుకి 9 కేలరీల చొప్పున వేస్తే కార్బ్స్‌కి దాదాపు 256 గ్రాములు మిగులుతాయి. ఈ మూడు అంకెలూ బుర్రలో తిరుగుతుండగానే ఆయన గురించి చదివాను. అందుకే నాకు ఆయన కథంతా తిండి కథలాగే కనిపించింది.

1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవలేదు. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోతే, పట్టుకుని వెనక్కి తెచ్చారు. తండ్రి పోయాక ఇల్లు గడవడమే గగనమైంది. తల్లి నగలు అమ్మి చదివించింది. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. బ్యాక్‌లాగులున్న మిత్రులు ఇక్కడ కాసేపు ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు.

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు బట్టలతో సర్జరీ క్లాసుకి వెళ్లడం తెల్ల ప్రొఫెసరుకి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికిచ్చారు.

1921లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు ట్రాపికల్ స్ప్రూ. మన పెద్దవాళ్లు సంగ్రహణి అనేది ఇలాంటి జబ్బునే. పేగు లోపలి పొర పాడైపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. అన్నం, పప్పు, నెయ్యి అన్నీ తింటున్నా మనిషి కళ్లముందే ఎండిపోతాడు. ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. అదే జబ్బు సుబ్బారావునీ పట్టుకుంది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు.

భార్య శేషగిరిని ఇంట్లో వదిలి, మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల జబ్బుల గురించి చదువుకుంటూ, ఖర్చులకి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని చేశారు. ఆ తర్వాత సైరస్ ఫిస్కే ల్యాబులో చేరారు.

అక్కడ మొదటి పని కొలత. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. అదే పద్ధతిని కండ నుంచి తీసిన ద్రవం మీద వాడితే ఓ చిక్కొచ్చింది. రంగు వెంటనే రావాల్సింది మెల్లగా, నిమిషాల తరబడి పెరుగుతోంది. ఏదో పొరపాటులే అని కొట్టిపారేస్తే కథ అక్కడితో అయిపోయేది. వాళ్లు అలా వదల్లేదు. కండలో ఫాస్ఫరస్ ఇంకో పదార్థంతో ముడిపడి ఉండి, ఆమ్లం తగిలాక కొద్దికొద్దిగా విడిపోతోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియేటిన్. 1929లో ఏటీపీ కూడా దొరికింది. జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే సంవత్సరం అదే కనిపెట్టారు. కండ బలమంతా లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని అప్పటిదాకా ఉన్న నమ్మకం దీంతో కదిలిపోయింది.

మన మూడు అంకెలకీ దీనికీ లంకె ఇదీ. అన్నమైనా, నూనె అయినా, పప్పైనా కండని కదపాలంటే ముందు ఏటీపీగా మారాలి. కండలో సిద్ధంగా ఉండే ఏటీపీ కొన్ని సెకన్లకే సరిపోతుంది. అది తరిగేకొద్దీ ఫాస్ఫోక్రియేటిన్ మళ్లీ నింపుతూ ఇంకో పది సెకన్లదాకా నెట్టుకొస్తుంది. ఆ తర్వాత బరువైన సెట్లు లాగేది ముఖ్యంగా గ్లైకోజెన్, అంటే కండలో దాచుకున్న కార్బ్స్. అందుకే సన్నబడాలని అన్నం పూర్తిగా మానేసినవాడికి మూడో సెట్‌లో చేతులు వణుకుతాయి. ప్రొటీన్ తగ్గితే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. కొవ్వు మరీ తగ్గిస్తే హార్మోన్లు, ఏ, డీ లాంటి విటమిన్లు దెబ్బతింటాయి. మూడింటిలో ఏదీ శత్రువు కాదు.

మూడూ సరిగ్గా కుదిరినా సరిపోదని నాకు మా ఊళ్లో తెలిసింది. మాది అనకాపల్లి దగ్గర కొండకర్ల. ఆవలో తాటిదోనెల మీద తిరుగుతూ, ఆవ చేపల పులుసు, తోటకూర పప్పు, అనకాపల్లి బెల్లం తింటూ పెరిగాం. నాతోపాటు కటింగ్ మొదలెట్టిన మా బావ ఇవన్నీ ఆపేశాడు. ఆరు నెలలు చికెన్ బ్రెస్ట్, వే ప్రొటీన్, కొలిచిన అన్నం, కొలిచిన నూనె. ఆకుకూర లేదు, పప్పు లేదు. ఫోన్‌లో మూడు అంకెలూ రోజూ పచ్చగా వెలిగేవి. బరువు తగ్గింది, పొట్ట పోయింది. కానీ మెట్లెక్కితే ఆయాసం, ముఖం పాలిపోవడం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ, ఫోలేట్ బాగా తక్కువ.

ఫోలేట్ దగ్గరే సుబ్బారావు కథ మళ్లీ మొదలవుతుంది. హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1941లో ఇతర శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఓ పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ఆకుతో పనిలేకుండా ల్యాబులో తయారుచేసే దారిని సుబ్బారావు బృందం 1945లో చూపించింది.

మనకి రోజుకు కావలసిన ఫోలేట్ 300 నుంచి 400 మైక్రోగ్రాములు. గ్రాములో రెండువేల వంతు కూడా కాదు. ఏ కేలరీ లెక్కలోకీ రాదు. కానీ అది లేకపోతే ఎముక మజ్జలో ఎర్రకణాలు సరిగ్గా తయారు కావు. పేగు లోపలి పొర కూడా కొన్ని రోజులకోసారి కొత్తగా పుట్టాలి కాబట్టి, అదీ బలహీనపడుతుంది. అప్పుడు తిన్నది ఇంకా తక్కువ పడుతుంది. స్ప్రూలో మనిషి చిక్కుకునే సుడిగుండం ఇదే.

మా బావకి డాక్టరుగారు రాసింది ఫోలిక్ యాసిడ్ మాత్రలు. దాంతోపాటు పప్పు, ఆకుకూర. మాక్రోలు మానేయమనలేదు. ఇప్పుడు వాడి 120 గ్రాముల ప్రొటీన్‌లో కొంత కందిపప్పు, పెసలు, శనగల నుంచి వస్తోంది. వాటిలోని కార్బ్స్‌కి తగ్గట్టు అన్నం కాస్త తగ్గించుకున్నాడు. తోటకూర రోజూ ఉంటుంది. కేలరీలు మారలేదు. ఆయాసం పోయింది. సన్నబడటం ఆగలేదు.

సుబ్బారావు మళ్లీ ఇండియా రాలేదు. ఫోలిక్ ఆమ్లం పనినే తిప్పికొట్టి, లుకేమియా మీద వాడిన అమినాప్టెరిన్‌ని ఆయన బృందమే తయారుచేసింది. బోదకాలుకి హెట్రజాన్ కూడా ఆయన ల్యాబు నుంచే వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ని ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన బెంజమిన్ దుగ్గర్ కనిపెట్టారు. అది 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు.

ట్రాపికల్ స్ప్రూకి ఈరోజు డాక్టర్లు ఇచ్చే వైద్యం రెండు మందులు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కుటుంబపు యాంటీబయాటిక్. రెండింటి దారీ ఆయన ల్యాబు మీదుగానే పోతుంది. అన్నాతమ్ముళ్లు పోయిన 1921కి అవి రెండూ లేవు.